ఎదురింటి అవ్వ కాటుకచుక్క

పుంగనూరులో మా ఎదురింటి అవ్వ పోయిందని, బస్సు దిగి మదనపల్లెలోని నా ఫోటోల గదికి వచ్చిన ఒకాయన మాటల మధ్యలో చెప్పాడు. అప్పటికే మూడు రోజులైందట. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆమెకూ నాకూ తెగని తగాదా ఒకటి మిగిలిపోయింది. ఇక దాన్ని ఎవరితో తేల్చుకోను?

యుద్ధం రోజుల్లో నేను పుంగనూరులో గుమాస్తాను. పాత కెమెరా ఒకటి చేతికి దొరికింది. పసిపిల్లల ఫోటోలు తీసి పేరు తెచ్చుకోవాలని, ఆ గుమాస్తా పని వదిలేయాలని పిచ్చి పట్టింది. ఫోటో పడే గాజు ప్లేట్లు దొరకడమే గగనం. దొరికిన ఒక్కదానికీ ఎండ ఉండాలి, బిడ్డ కదలకూడదు, అన్నిటికంటే ముందు తల్లి ఒప్పుకోవాలి. ఫోటో తీస్తే బిడ్డకు దిష్టి తగులుతుందని తల్లులు నన్ను చూడగానే తలుపులు వేసుకునేవాళ్లు.

ఆ తలుపులు తీయించింది అవ్వే. ఊళ్లో సగంమంది పసివాళ్లకు నీళ్లు పోసిన చెయ్యి ఆమెది. నా వెంట వచ్చి బిడ్డను పీట మీద కూర్చోబెట్టేది. నేను నల్లగుడ్డలో తలదూర్చి, అంతా సరిచూసుకొని బయటికి వచ్చేలోగా నడుముకు దోపుకున్న బరిణె తీసి బుగ్గ మీద కాటుకచుక్క పెట్టేసేది. సన్నచుక్క కాదు, రేగుపండంత. అదీ కెమెరా వైపు బుగ్గకే. రెండో బుగ్గకు పెట్టమని ఎన్నిసార్లు బతిమాలానో.

"సూసేది ఈ పక్కనుంచి కదప్పా, ఆ పక్క పెడితే ఏం లాభం?" అనేది. బిడ్డ ముద్దొస్తున్నాడని నేను నోరు జారితే, నీకు తెలిస్తే సాలు, ఊరికంతా సాటాల్నా అని కసిరేది. ఇంటికి వచ్చి ప్లేటు కడిగి చూస్తే ప్రతి బిడ్డ బుగ్గకూ ఒక మచ్చ. ఎన్ని ప్లేట్లు తగలేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి కుప్పంలో బియ్యం వ్యాపారి కొడుక్కి ఫోటో తీశాను. అక్కడికీ వెంట వచ్చిన అవ్వ చుక్క పెట్టనే పెట్టింది. ఈసారి నేను ఊరుకోలేదు. ప్లేటు మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది, ప్రింటులో చుక్క కనబడకుండా చేశాను. ఎవరికీ చెప్పలేదు. బుగ్గ వెన్నముద్దలా వచ్చింది. ఫోటో ఇచ్చిన వారానికే ఆ పిల్లవాడికి తట్టు పోసింది. బతికి బట్టకట్టాడు కానీ, ఫోటోలో చుక్క తుడిచేసినందుకేనన్న మాట నా చెవిన పడేలోగానే పుంగనూరంతా పాకింది. ఆ ఏడు తట్టు ఎన్ని ఇళ్లలో పోయలేదు? అన్నిచోట్లా నేనే ఫోటోలు తీశానా? వినేవాళ్లేరీ. నన్ను చూస్తే వీధిలో పిల్లల్ని కొంగుల కింద దాచుకున్నారు. కెమెరా పెట్టెలో పెట్టేశాను.

అవ్వ వచ్చి ఒకటే అడిగింది. "యాల తుడిస్తివి? బిడ్డను కన్నదాన్ని అడిగితివా?"



మరుసటి ఆదివారం తన మనవరాలిని వీధి అరుగు మీద కూర్చోబెట్టి నన్ను పిలిచింది. ఆ ఇంట్లో ముగ్గురు బిడ్డలు ఊయల దిగకుండానే పోయాక పుట్టిన పిల్ల అది. ఎవరి కన్నూ పడకూడదని పెంటమ్మ అని పేరు పెట్టుకున్నారు. వీధి ఆడవాళ్లంతా చూస్తుండగా అవ్వ తన కొంగుతోనే ఆ పిల్ల బుగ్గమీది చుక్క తుడిచేసింది.

"తీయప్పా" అంది. కాటుక బరిణెను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

వద్దనాల్సింది. అనలేదు. ఎండ బాగుంది, ప్లేటు ఒకటి ఉంది, బుగ్గ నున్నగా ఉంది. తీశాను. రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పిల్లకు ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఈరోజు మదనపల్లెలో నాకు ఈ గది ఉందంటే ఆ ఆదివారం వల్లే. నేను తీసినవాటిలో అంతకంటే మంచి ఫోటో లేదు. ఊరు మారేటప్పుడు దాని ప్లేటు పగిలిపోయింది. మిగిలింది అవ్వకు అద్దం కట్టించి ఇచ్చిన ప్రింటు ఒక్కటే. కాపీ తీసి ఇస్తానని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. లోపలి గదిలో ఉండాదిలే అనేది, ఆ గడప దాటనిచ్చేది కాదు. మొండితనం అనుకున్నాను. కిందటిసారి ఆమె ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా వచ్చేశాను.

పలకరింపుకు వెళ్తూ, ఆ ఫోటోను చుట్టి తెచ్చుకుందామని ఒక మెత్తటి గుడ్డ కూడా పట్టుకెళ్లాను. మనవరాలు పొడుగైంది. తనే లోపలికి తీసుకెళ్లి చూపించింది. అద్దం మీద, సరిగ్గా బుగ్గ ఉన్నచోట, కాటుక పొరలు పొరలుగా పేరుకొని ఉబ్బి ఉంది.

"దినామూ పొద్దున్నే పెట్టేది. ముందు దానికి, ఆమైన నాకు" అంది పిల్ల.

ఫోటోను వాకిట్లో వెలుతురుకు పట్టుకెళ్లాను. అవ్వ ఒక్కసారి కూడా నా కెమెరా ముందు కూర్చోలేదు. కూర్చోమని నేనూ ఏనాడూ అడగలేదు. అన్నిటికంటే పైనున్న చుక్కలో ఆమె వేలి గీతలు పడి ఉన్నాయి, ఒక్కటీ చెదరకుండా.