ఎక్స్-రేలో కనపడని నల్లముల్లు

ఆ ఉదయం చొక్కా బొత్తాం పెట్టుకోబోతే కుడిచేతి చూపుడు వేలు వంగలేదు. వేలంతా ఎర్రగా వాచి, వాపు అరచేతి దాకా దిగింది.

నరసరావుపేటలో ముప్పై ఏళ్లుగా మోటార్లు రీవైండింగ్ చేస్తున్నాను. ఈమధ్య డ్రోన్ల పని కూడా పట్టుకున్నాను. నకరికల్లు వైపు మిరప చేలల్లో మందు కొట్టే డ్రోన్లు కరెంటు తీగలకు తగిలి, ఫ్యాన్లను మోసే ఆర్మ్‌లు విరిగి నా దగ్గరికొస్తాయి. కార్బన్ ఫైబర్ షీటు కోసి కొత్త ఆర్మ్‌లు చేసిస్తాను. నా సొంత డ్రోన్ కూడా అట్లాగే కట్టుకున్నాను.

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటాను. ఇనుముతో పనిచేసేవాళ్లకు ఒక అలవాటుంటుంది. ఆకురాయి పట్టాక అంచు నున్నగా వచ్చిందో లేదో వేలితో రుద్ది చూస్తాం. ఇనుమైతే మహా అయితే గీసుకుంటుంది. కార్బన్ ఫైబర్ అంచు నుంచి మాత్రం వెంట్రుకంత సన్నటి నల్లముల్లు వేల్లోకి దిగింది. సూదితో కెలికితే ఒక ముక్క వచ్చింది. మొత్తం వచ్చేసిందనుకుని పసుపు అద్ది పనిలో పడ్డాను. వారం తిరక్కుండా ఈ వాపు.

మా డాక్టరు కుర్రవాడు, మంచివాడు. "షుగర్ ఉందా బాబాయ్?" అన్నాడు. టెస్టు చేస్తే నార్మల్. ఎక్స్-రే తీయించి వెలుగుకు పట్టి చూశాడు.

"క్లియర్‌గా ఉంది. లోపల ఏమీ లేదు. ఇది సెల్యులైటిస్, చర్మం కింద ఇన్ఫెక్షన్ అంతే."

"ఉంది సార్. కార్బన్ ఫైబర్ ముల్లు."

"ఉంటే ఫిల్ములో కనపడేది కదా!"

యాంటీబయాటిక్స్ వాడినన్నాళ్లు తగ్గింది. కోర్సు అయిపోయిన మూడో రోజుకే మళ్లీ వాచింది. కోసి చీము తీశారు. మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరు మొహంలో నవ్వు లేదు. "ఇన్ఫెక్షన్ టెండన్ షీత్‌లోకి, అంటే వేలిని వంచే నరం తొడుగులోకి పోతోంది. ముదిరితే వేలు తీసేయాల్సి రావచ్చు" అన్నాడు.

నా భార్య హసీనా బయట బెంచీ మీద కూలబడింది. "మోటార్లు చుట్టుకుంటా బతక్క ఈ నల్ల అట్టలు నీకెందుకయ్యా? చానా చెప్పా, విన్నావా?" అని ఏడ్చింది. నాకూ భయమేసింది. చూపుడు వేలు లేకపోతే తీగ చుట్టలేను, రిమోట్ తిప్పలేను. ఆ భయం వెనకాలే కోపం వచ్చింది. నా ఒంట్లో ఏం దిగిందో ఫిల్ముకు తెలిసి నాకు తెలియదా?

మర్నాడు కార్బన్ షీటు ముక్క, ఒక స్టీలు వాషర్ తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాను.

"ఈ రెండిటికీ ఎక్స్-రే తీయించండి సార్."

"వస్తువులకు ఎక్స్-రే ఏంటి బాబాయ్?" అని నవ్వాడు.

"వేలు పోయేది నాది సార్. మీకు పోయేది ఒక్క ఫిల్మే."

నవ్వు ఆపి రాసిచ్చాడు. ఫిల్ములో వాషర్ తెల్లగా మెరిసిపోతోంది. అరచేయంత కార్బన్ ముక్క మాత్రం ఉందా లేదా అన్నట్టు మసగ్గా ఉంది.

"ఇంత ముక్కే కనపడకపోతే ముల్లేం కనపడుద్ది సార్?" అన్నాను.

"సారీ బాబాయ్. మొదటే వినాల్సింది" అని అల్ట్రాసౌండ్ రాశాడు.

అందులో దొరికింది. "ఫారిన్ బాడీ", అంటే లోపల బయటి వస్తువేదో ఉందని రిపోర్టు వచ్చింది. గుంటూరులో సర్జరీ చేసి తీశారు. బియ్యపు గింజంత పొడవుంది. అడిగి సీసాలో వేయించుకుని తెచ్చాను. హసీనా దాన్ని చూసి, "ఇంతుందో లేదో, ఎంత ఏడిపించిందీ!" అని తిట్టిపోసింది.

తర్వాత ఫిజియోథెరపీ. వేలు వంచిన ప్రతిసారీ కళ్లనీళ్లు తిరిగేవి. అయినా వంచాను. ఇప్పటికీ చివరి కణుపు పూర్తిగా వంగదు. "ఇంక ఆ షీటు జోలికి పోవుగా?" అని చుట్టాలు అడుగుతుంటారు. ఎందుకు పోను? రోజూ పోతున్నాను. మాస్కు, గ్లవ్స్ వేసుకుంటాను, షీటును నీళ్లలో ఉంచి కోస్తాను, అంచును పాతగుడ్డతో తడిమి చూస్తాను. గుడ్డ అంచుకు చిక్కుకుంటే ఇంకా ముళ్లున్నట్టు.

చేతిపనులు చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఏదైనా గుచ్చుకుని ఆసుపత్రికి పోతే, ఆ వస్తువు ముక్క వెంట తీసుకెళ్లండి. అదేమిటో డాక్టరుకు తెలియకపోవచ్చు, దాంతో బతికే మీకు తెలుసు. "ఏమీ లేదు" అంటే ఇంకో పరీక్ష చేయమని గట్టిగా అడగండి. నేను ఆ రోజు తలూపి ఇంటికొచ్చి ఉంటే, ఈ నాలుగు ముక్కలూ ఎడమచేత్తో రాసేవాణ్ణి.