కశింకోట బెల్లం పెనం దగ్గర చదివిన దెయ్యం కథ

నలభై ఆరేళ్లొచ్చి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ దెయ్యాల బొమ్మల కథలు చదువుతానంటే నవ్వేవాళ్లు నవ్వండి. నాకూ తమ్ముడు రవికీ ఆ పిచ్చి ఉండేది. తాయెత్తు కట్టగానే పారిపోయే దెయ్యాలు కావు. ఎవరూ గెలవని, పెద్దవాళ్ల కోసం నల్లగా గీసిన కథలు. వాటిలో ఒకటి ఐదు భాగాలది. నూతిలోని దెయ్యం లాక్కుపోయిన తమ్ముణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి అక్క ఆ నూతిలోకి దిగుతుంది. నాలుగు భాగాలు కలిసి చదివాం. ఐదోది అచ్చయ్యేలోపే రవి నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. ఏడాదిపాటు దాని జోలికి వెళ్లలేకపోయాను. వెళ్లాలనిపించేసరికి కాపీలు అయిపోయాయి. పాఠకుల వాట్సాప్ గ్రూపులో అడిగితే, కశింకోట దగ్గర బెల్లం వండే నూకరాజు గారు “నా కాడుంది. ఇవ్వను. వచ్చి సదూకోండి” అన్నారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఏడు దాటాక విశాఖలో పాసింజరు ఎక్కాను. ముప్పావుగంటలో అనకాపల్లి. స్టేషన్ బయట ఇడ్లీ తిని కశింకోట షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. “ఏటమ్మా, సుట్టాలింటికా?” అన్నాడు డ్రైవరు. దెయ్యం కథ చదవడానికి అన్నాను. అద్దంలో నన్ను తేరిపార చూసి, “ఇంత పొద్దున్నేనా?” అన్నాడు.

ఆటో దిగి చెరకు చేల మధ్య పది నిమిషాలు నడిచాను. పాక కింద పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతోంది. నూకరాజు గారి వదిన రవణమ్మ పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తోంది. పుస్తకమేమో ప్లాస్టిక్ సంచిలో దూలానికి వేలాడుతోంది. “పాకం దిగీదాకా ముట్టుకోకూడదు మేడం. ఓపాలి సదూతూ ఉండిపోయేను, పెనమంతా మాడిపోయింది” అన్నారాయన. గంటన్నర కూర్చున్నాను. అంతసేపూ లేచి వెళ్లిపోదామనే ఉంది. కథలో తమ్ముడు రాకపోతే ఏడుస్తాను. వస్తే మాత్రం ఆ పుస్తకాన్ని క్షమించలేను.

చివరికి ఆయన నీళ్లలో పాకం చుక్క వేసి, ఉండకట్టి చూసి, పెనం దింపించారు. పుస్తకం నా చేతికొచ్చింది. “పైకి సదువమ్మా, నాకు సదువు రాదు. ఇన్నాళ్లూ మా మరిదే సెప్పేడు” అంది రవణమ్మ. చదివాను. ఆఖరి పేజీ తిప్పబోతుంటే నూకరాజు గారు గొంతు సవరించుకున్నారు.

“అదొగ్గీండి మేడం, సదవకండి.”

ఆగలేదు. నూతి గట్టు మీదకి అక్క ఒక్కతే వచ్చింది, చేతిలో తడిసిన చొక్కాతో. తర్వాత ఇంటికి నడిచింది.

“అంటే తమ్ముడు రానేదా?” అంది రవణమ్మ.

“రాలేదమ్మా.”

నూకరాజు గారు తల దించుకున్నారు. “ఆడొచ్చేడనీ, పెళ్లి కూడా సేసేరనీ నేనే సెప్పేను వదినా. అన్న పోయి నెల కానేదప్పుడు. నీకెలగ సెప్పను?”

ఆవిడ పకపకా నవ్వింది. “నాకు తెల్దేటి? సచ్చినోడొచ్చి పెళ్లి సేసుకుంతే అది దెయ్యం కతెలగవుద్ది మరిదీ?” తర్వాత నా వైపు తిరిగింది. “నీకెవురు పోయేరమ్మా?”

“తమ్ముడు” అన్నాను.

“రాడు. మా ఆయనా రాడు. ఈ మాట అనబోతే సాలు, అందరూ నా నోరు మూసీవోలే” అంటూ మసి చేయి నా భుజం మీద వేసింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడాదిలో అంత హాయిగా ఏడ్చింది లేదు.

ఎక్కడున్నా నిన్ను చూస్తూనే ఉంటాడని ఈ ఏడాదంతా ఎందరో ఓదార్చారు. ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఆ మాటల దగ్గర ఊపిరాడేది కాదు. ఈ చీకటి కథలు అలా బుజ్జగించవు. పోయినవాడు రాడని చెప్పి, ఆ తర్వాత అక్క ఇంటికెలా నడిచిందో కూడా బొమ్మ గీసి చూపిస్తాయి. ఈ వయసులో నాకవి అందుకే ఇంత ఇష్టం.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. గానుగలాడే చలికాలంలో, ముందుగా అడిగి, పొద్దున్నే వెళ్లండి. ఆఖరి పేజీ మాత్రం రవణమ్మ పక్కన కూర్చుని పైకి చదవండి. ఆవిడకి ఇంకోసారి వినాలని ఉందట.