భీమే కట్టించిన ఊరు

మా చిన్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నం కరెంటు ఉందంటే చాలు... నేనూ, నా స్నేహితురాలు భీమే, మా కొట్టు వెనక గదిలో, కంప్యూటర్ ముందు ఒకే స్టూలు మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం.

శబరి నది ఒడ్డున, తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కుంట అనే ఊళ్ళో మాది కిరాణా కొట్టు. భద్రాచలం మామయ్య తన పాత కంప్యూటర్ మాకిచ్చేస్తే, దాంతోపాటే ఒక ఆట కూడా వచ్చింది. పూర్వకాలపు రాజ్యం, మధ్యలో ఒక నది. ఆ నది పక్కన మనం నగరం కట్టాలి. బావులు, పొలాలు, అంగళ్ళు, గుళ్ళు...

భీమేదీ నా క్లాసే, ఎనిమిదో తరగతి. అడవిలో తుపాకుల గొడవలకు వాళ్ళ ఊరు ఖాళీ అయిపోతే, వాళ్ళమ్మతో వచ్చి కుంట చివర పాకల్లో ఉండేది. ఇంట్లో వాళ్ళ భాష దోర్లీ, బళ్ళో హిందీ, నాతో తెలుగు మాట్లాడేది.

నాకు గుళ్ళూ కోటలూ కట్టడం ఇష్టం. భీమే మాత్రం మనుషుల్నే చూసేది. ఖాళీ జాగా చూపిస్తే, తెర అంచు నుంచి చిన్న చిన్న మనుషులు బండ్లలో సామాన్లు వేసుకుని వచ్చి ఇళ్ళు కట్టుకునేవాళ్ళు.

"వీళ్ళు ఏ ఊరి నుంచి వస్తున్నరే?" అని అడిగిందొకసారి.

"ఏమో... ఆట అంతే."

ఆ జవాబు తనకు నచ్చలేదని అప్పుడు నాకు తెలియలేదు.

ఒక ఆదివారం, ఆటలో రాజు పెద్ద గుడి కట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. నది పక్కన జాగా ఉంది గానీ, అందులో పాకలున్నాయి. నేను ఒక్కొక్కటే కూల్చేయడం మొదలుపెట్టాను. లోపలి మనుషులు మూటలు భుజాన వేసుకుని, తెర అంచు వైపు నడవసాగారు...

"ఆపే!" అంది భీమే.

"పోతే పోనీ. మళ్ళ వేరేటోళ్ళు వస్తరు."

"వీళ్ళు ఏడికి పోతరు?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భీమే లేచి నిలబడింది. "మేం వచ్చిన రోజు మా తాత రానన్నడు. గుమ్మం కాడ్నే కూసున్నడు. మేం ఇడిసిపెట్టి వచ్చినం," అని వెళ్ళిపోయింది. అన్నాళ్ళ స్నేహంలో ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏందే, ఏమన్నవ్ ఆ పిల్లని?"

చెప్పాను. అమ్మ తిట్టలేదు. "రేపు పొయ్యి మాట్లాడు," అంది, అంతే.

మర్నాడు వెళ్తే, భీమే పాక ముందు చాప మీద ఇప్పపూలు ఎండబోస్తోంది. "తప్పయింది భీమే," అన్నాను. భీమే చాప పక్కకు జరిపి, మట్టిలో వేలితో గీయడం మొదలుపెట్టింది. "ఇది మా బాయి... ఇది పెదనాయినోళ్ళ ఇల్లు... ఇది తాతది..."

తర్వాతి ఆదివారం మేం ఆటలో ఆ ఊరే కట్టాం. గుడి లేదు, కోట లేదు. ఒక బావి, చుట్టూ ఇళ్ళు. ప్రతి ఇల్లూ భీమేనే పెట్టింది. తాత ఇంటి దగ్గర మాత్రం కాసేపు చెయ్యి ఆగింది.

నగరం పెరగడం లేదని రాజుకు కోపమొచ్చి మమ్మల్ని ఓడించేశాడు. మళ్ళీ అదే ఊరు కట్టాం. మళ్ళీ ఓడిపోయాం. ఆ ఎండాకాలమంతా అలా ఓడిపోతూనే ఉన్నాం... భీమే నవ్వడం నేను ఎక్కువగా చూసింది అప్పుడే.

వానలకు ముందు, కూలి పని దొరుకుతుందని వాళ్ళమ్మ తనను తీసుకుని శబరి దాటి వెళ్ళిపోయింది. బళ్ళు తెరిచారు. భీమే రాలేదు. కొన్నాళ్ళు చూసి, మాస్టారు హాజరు పట్టీలో తన పేరు కొట్టేశారు. తాత ఏమయ్యాడో నేను ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో అలాంటి ఆటలే ఆడుతుంది... ఒక్కతే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. పక్కన ఇంకొకరికి చోటే అక్కర్లేని ఆటలు ఇవన్నీ.

మీ పక్కన కూర్చుని, ఒకరోజు నుంచి కనిపించకుండా పోయిన స్నేహితులెవరైనా ఉన్నారా? వాళ్ళ పేరొక్కటైనా ఇక్కడ రాయండి... ఆ పేరైనా ఎక్కడో ఒకచోట ఉంటుంది.