కొబ్బరికాయ కొట్టి తెరిచిన ఈ-రీడర్

శామీర్‌పేటలో కొందరు చెరువు అలుగు పారిన ఏడాదిని గుర్తుపెట్టుకుంటారు, కొందరు బోర్లు ఎండిన ఏడాదిని. మా బడిలో మాత్రం 'సరిత టీచర్ మిషన్ కొన్న ఏడు' అని ఒకటుంది. ఆ టీచర్ని నేనే. మీరు నవ్వుకుంటూ చదవండి, తప్పులేదు. ఆ రోజు మాత్రం స్టేజీ కింద నేల చీలితే బాగుండునని నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. నన్ను పెంచింది ఆమే. తొంభైలలో మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో రాత్రిబడి పెట్టినప్పుడు, అరవై దాటిన వయసులో పలక పట్టి అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత కాగితం కనబడితే వదిలేది కాదు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివేది. తీరా రుచి మరిగేసరికి చూపు మందగించింది.

"అక్షరాలు సీమల్లెక్క పాకుతున్నయి బిడ్డా" అనేది.

అద్దాలు మార్చిన డాక్టరు, అక్షరాలు బాగా పెద్దవైతేనే చదవగలదన్నాడు. ఆ రోజు నుంచి అవ్వ బజ్జీల కాగితం మడిచి పక్కన పెట్టేసేది.

ఇక మా కరస్పాండెంట్ యాదిరెడ్డి సారు. పొద్దున బడి, మాపటికి ప్లాట్ల బేరాలు. బౌరంపేట్ వైపు కొత్త బళ్లు లేస్తున్నాయని ఆయనకు ఒకటే పరేషాన్. రెండువేల తొమ్మిదిలో ఒకరోజు నన్ను పిలిచాడు.

"టీచరమ్మా, ఈ-రీడర్ అంట. బడిలున్న పుస్తకాలన్నీ గా పలకంత దాంట్లనే పడ్తయంట. మంచిది సూసి నువ్వే తే."

"సాయంత్రం ఇంటికి తీస్కపోవచ్చా సార్?"

"తీస్కపో. బీరువల వెట్టి ఏం జేస్తం?"

పగలు బడికి, సాయంత్రం అవ్వకు! నేను సికింద్రాబాద్ దుకాణానికి పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లాను. సంచిలో పడుతుందో లేదో పెట్టి చూశాను. ఎండలో కనిపిస్తుందో లేదోనని వీధిలోకి పట్టుకెళితే, దుకాణదారు నన్ను దొంగనుకుని వెంటబడ్డాడు.

"అక్షరాలు పెద్దగైతయా?"

"ఎంత గావాల్నంటే అంత, మేడమ్." మీట నొక్కాడు. ఇంగ్లీషు అక్షరం రేగుపండంత అయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్ని పుస్తకాలు సదవొచ్చా?"

"అన్ని సదవొచ్చు."

నేను తెలుగు టీచర్ని. ఒక్క తెలుగు అక్షరం చూపించమని అడగలేదు. 'అన్ని'లో తెలుగు ఉండకుండా ఎక్కడికి పోతుందనుకున్నాను.

అవ్వ చెప్పే కథలనే పిల్లల చేత బడి కంప్యూటర్లో టైపు చేయించి, ఈ-రీడర్‌లో పెట్టే చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించాను. వార్షికోత్సవంలో అవ్వే వాటిని అందరి ముందూ చదవాలని ఏర్పాటు. ముందొకసారి తెరిచి చూద్దామంటే యాదిరెడ్డి సారు అడ్డుపడ్డాడు.

"కొబ్బరికాయ గొట్టకముందు మిషిన్ సాలు జేసుడేంది టీచరమ్మా? బోరు మోటరైనా, ట్రాక్టరైనా గట్ల జేస్తమా?"

నిజమే కదా అనుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో తెరవనైనా తెరవకుండా నేరుగా రచ్చకెక్కాను.

స్టేజీ మీద ఈ-రీడర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కాయ కొట్టారు. చప్పట్ల మధ్య మీట నొక్కాను. తెర నిండా డబ్బాలు! అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా. గాబరాగా సైజు పెంచాను. డబ్బాలు పెద్దవయ్యాయి.

యాదిరెడ్డి సారు తొంగి చూసి మురిసిపోయాడు. "లేఅవుట్ మస్తుగున్నది. ఏడ టీచరమ్మా గిది? కార్నర్ బిట్లున్నయా?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత గొంతు సవరించుకుని, "అనగనగ ఒక ఊర్ల గొర్లు గాసే ముసలిది..." అని మొదలుపెట్టింది. తడబాటు లేదు. మధ్యమధ్యలో మీట నొక్కి పేజీ కూడా తిప్పింది. జనం ఒకటే చప్పట్లు.

"ముసలామెతోని సదివిస్తున్నదంటే గిదేం మిషినో! ఇంకో పది తెప్పియ్యి టీచరమ్మా" అన్నాడు సారు.

ఇంటికి ఆటోలో బయల్దేరాం. చెరువు కట్ట దాటాక అవ్వ నా చేయి పట్టుకుంది.

"బిడ్డా, నా కండ్లు పూరాగ పోయినయే. ఒక్క అచ్చరం గూడ ఆనలే. అన్ని డబ్బాలే. నలుగుర్ల నీ ఇజ్జత్ పోతదని సదివినట్టు జేసిన."

నేను కావలించుకుని ఏడ్చాను. "నీ కండ్లు మంచిగున్నయవ్వా! దాంట్ల ఉన్నయే డబ్బాలు. దానికి తెలుగు రాదు."

"నిజంగనా? ఉన్నది ఉన్నట్టే కనవడ్డదా నాకు?"

"నిజంగనే."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముఖంలోకి వెలుగొచ్చింది. ఆ వెంటనే నా వైపు తిరిగింది.

"మరి కొనేటప్పుడు నీ కండ్లు ఏడవెట్టినవే?"

ఆటో డ్రైవరు ఆటో పక్కకాపి మరీ నవ్వాడు.

ఆ పది రాకుండా ఆపడానికి సారుకు నిజం చెప్పి తిట్లు తిన్నాను. ఉన్న ఒక్కదాన్ని ఇంగ్లీషు టీచరుకు అప్పగించాను. పిల్లలు చార్టుల మీద లావు స్కెచ్ పెన్నులతో కథలు రాసిస్తే, అవ్వ వాటిని గోడకు అంటించుకుని నిలబడి చదవడం మొదలుపెట్టింది.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కుక్కరైనా, గడియారమైనా, ఇకమీదట నేనేది కొన్నా ముందు మా అవ్వ చూస్తుంది. ఆ తర్వాతే కొబ్బరికాయ.