మాణెమ్మను ఎవరూ అడగలేదు

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడాది నేను మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు పునరావాస కేంద్రంలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. తలకు దెబ్బ తగిలి, ఆపరేషన్ అయి, ప్రాణం దక్కినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. వారానికోసారి డాక్టరు గదిలో కూర్చొని, ఏ రోగి ఏం సాధించాలో నిర్ణయించేవాళ్లం. దాన్ని గోల్ అంటాం. ఆ గదిలోకి రోగిని మాత్రం పిలిచేవారు కాదు.

మాణెమ్మది మక్తల్. అంగడిలో ఉల్లిగడ్డలు అమ్మేది. ఆటో బోల్తాపడి తలకు గాయమైంది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. పగలు భర్త, రాత్రి ఎదిగిన కొడుకు ఆమెకు తోడుండేవారు. మనం చెప్పేది అర్థమయ్యేది కానీ, తను చెప్పదలచిన మాట నోటికి రావడానికి చాలాసేపు పట్టేది. అంతసేపు ఎవరూ ఆగేవారు కాదు. ఆమె పెదవులు కదిలేలోపే భర్త నర్సింలు జవాబిచ్చేసేవాడు. "నడిస్తె చాలు సార్" అన్నాడు డాక్టరుతో. డాక్టరు నడకనే గోల్‌గా పెట్టారు.

ఆమె నడవనంది. పట్టుకొని నడవడానికి వేసిన కడ్డీల మధ్య నిలబెడితే ఎడమచేత్తో నన్ను నెట్టేసేది. 'సహకరించడం లేదు' అన్న మాట మా వృత్తిలో తీర్పులాంటిది. కేసు కాగితం మీద అది పడితే రోగి మంచం ఖాళీ చేయాల్సిందే. వార్డు రౌండులో డాక్టరు ఆమె కుర్చీ పక్కనే నిలబడి ఆ మాట అన్నారు. దెబ్బకు బుద్ధి కూడా పోయిందని, ఇంటికి పంపేద్దామని చెప్పారు. ఆమె అంతా విన్నది. నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం నర్సింలును బయట కూర్చోబెట్టి, ఆమె ఎదురుగా స్టూలు వేసుకున్నాను.

"నీకేం గావాలె మాణెమ్మా? నిమ్మళంగ చెప్పు. నాకేం తొందర లేదు."

ఆమె నోట వేరే మాటేదో వచ్చింది. కోపంతో తొడ మీద కొట్టుకుంది. చివరికి బాత్రూం వైపు చూపించి, "తలుపు... ఏసుకోవాలె" అంది. తల దించుకొని, "కొడుకు... కడుగుతుండు" అంది.

నేను నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లి గోల్ మార్చమన్నాను. బాత్రూం తలుపు కూడా ఒక గోలేనా మేడం అని నవ్వారు. ఆమెను ఎప్పుడైనా అడిగారా అంటే, మాట రాని మనిషిని ఏమడుగుతాం అన్నారు. మార్చకపోతే ఆమె కేసులో నా సంతకం ఉండదని చెప్పాను. విసుక్కుంటూ ఒప్పుకున్నారు.

కుర్చీలోంచి కమోడ్ మీదికి జరగడం, ఒంటిచేత్తో బట్టలు సవరించుకోవడం నేర్పాం. మళ్లీ ఎన్నడూ నన్ను నెట్టలేదు. చెమటలు కారుతున్నా "ఇంకోసారి" అనేది. ఒకరోజు లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకుంది. నర్సింలు గాబరాపడి తలుపు కొట్టాడు.

"నువ్... పో" అని లోపలి నుంచి వినిపించింది.

నడక నేర్పమని తర్వాత తనే అడిగింది. కర్ర పట్టుకొని మక్తల్ వెళ్లింది. డాక్టరు దాన్ని తను పెట్టిన నడక గోల్ ఫలితమని అందరికీ చెప్పుకున్నారు. రోగి లేని సమావేశంలో ఇక కూర్చోనన్నందుకు నన్ను బయటి రోగుల విభాగానికి మార్చారు.

రోగికి ఏం కావాలో తెలుసుకోకుండా చేయించే వ్యాయామం మన ఉద్యోగానికే పనికొస్తుంది. మాట ఆలస్యంగా వచ్చేవాళ్లను అడగాలి, అడిగాక ఆగాలి. ఆగే తీరిక లేదన్నవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.