సొరనూనె పూసిన తలుపు

సిలార్ కృష్ణపట్నం రేవులో పడవలు కట్టే దరియావలి కొడుకు. ఆ ఇంట్లో ఉలి పట్టని మగవాడు లేడు. ఎస్సెల్సీ పాసై 1962లో నెల్లూరు వచ్చి పి.యు.సి.లో చేరిన మొదటివాడు ఇతనే.

చేరిన కొద్ది రోజులకే ఆ ఊరికి తన అవసరం లేదని తెలిసిపోయింది. లెక్చరర్లు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయేవాళ్లు. తెలుగులో చదివి వచ్చినవాళ్లు వెనక బెంచీల్లో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. సందేహమని లేచి నిలబడితే, "రేవు నించి వచ్చినావా అబ్బయా? పోయి వలలు అల్లుకో" అని ముందు బెంచీల్లోంచి నవ్వులు.

హాస్టల్లో సీటు రాలేదు. మూలపేటలో వెంకటశేషమ్మ ఇంటి వెనక గది దొరికింది. కోవూరు రమణయ్య, బుచ్చిరెడ్డిపాలెం మస్తానయ్య అప్పటికే అందులో ఉన్నారు. వరి పొలాలున్న ఇళ్ల పిల్లలు, సిలార్ క్లాసే. అద్దెకు మూడోవాడు కావాలి కాబట్టి రానిచ్చారు. వెంకటశేషమ్మ మొదటిరోజే చెప్పింది: "మాంసం, చేప గడప దాటి రాగూడదు. బాయి తాడు నువ్వు ముట్టబాకు." అతనికి నీళ్లు రమణయ్య తోడి పోసేవాడు. పోసినప్పుడల్లా "నవాబు గారికి నీళ్లొచ్చినాయి" అనేవాడు.

సిలార్ అన్నీ మింగాడు. రేవు నుంచి పొద్దున బయల్దేరే బస్సు కాలేజీ వేళకు అందదు. పంపేటప్పుడే తండ్రి తేల్చి చెప్పాడు: "ఊళ్లో తలదాచుకునే చోటుంటేనే చదువు. అది పోయిందా, ఆ పొద్దే వచ్చి ఉలి పట్టుకో." ఆ గది ఉంటేనే కాలేజీ.

కార్తీకంలో ముసురు పట్టింది. గది తలుపుకు చెద ఎక్కింది. కింది చెక్కను తొలిచేసి, గోడ వెంట మట్టిదారి వేసుకుని పుస్తకాల పెట్టె దాకా వచ్చింది. ఇంటావిడకు చెబుదామని ఒకడు, కిరసనాయిలు పోద్దామని ఇంకొకడు, రోజూ అదే వాదన. ఎవడూ చీపురు కూడా పట్టలేదు. సిలార్‌కు ఆ కబుర్లు పడవు. ఇంటికి వెళ్లినప్పుడు సీసా నిండా సొరనూనె తెచ్చుకున్నాడు. సొరచేప కాలేయం కరిగించి తీసే నూనె అది. రేవులో పడవలన్నిటికీ అదే పట్టిస్తారు. దాన్ని తాగిన చెక్క జోలికి పురుగు పోదు.

సోమవారం మధ్యాహ్నం మిగతా ఇద్దరూ తమ బ్యాచీతో ల్యాబులో ఉన్నారు, సిలార్ బ్యాచీకి ఆ పూట ల్యాబు లేదు. సిలార్ తలుపు దించి, చెద గీకి, పుచ్చిన చోట కొత్త ముక్క అతికి, నూనె పీల్చినంత మేరా పట్టించాడు. అతుకు ఎక్కడుందో వేలికి తెలియనంత బాగా కుదిరింది. పనిలో తప్పు లేదు. పని చేసిన చోటులో ఉంది. పడవ నిలబడేది ఎండలో, గాలిలో. ఈ తలుపు నిలబడింది ముసురులో, దేవుడి గదిని ఆనుకుని. చెక్కను చూసిన పనివాడు అది ఉండే చోటునూ చూడాలి. సిలార్ చూడలేదు. ఆ వాసనలోనే పుట్టి పెరిగినవాడు, అతని ముక్కుకు అది వాసనే కాదు.

ఆ రోజు కార్తీక సోమవారం. వెంకటశేషమ్మ ఉపవాసం ఉంది. సాయంత్రం ప్రమిద పట్టుకుని పెరట్లోకి వచ్చి ఆగిపోయింది.

"ఏందిరా ఈ కంపు? ఈడ ఏం చచ్చింది?"

"చెద చచ్చిందమ్మా. తలుపుకి నూనె పూసినా."

"ఏం నూనె?"

వేపనూనె అని ఉంటే ఏమయ్యేదో. సిలార్ అనలేదు. "సొరనూనె" అన్నాడు.

"కార్తీక సోమారం పూట నా ఇంటికి చేప పూసినావంట్రా! ముగ్గురూ పోండి. రేపటికి ఈ గదిలో ఒక్కడు గూడా ఉండగూడదు."

అప్పుడే మస్తానయ్యతో కలిసి కాలేజీ నుంచి వచ్చిన రమణయ్య చేతులు జోడించాడు. "మాకేం తెలీదు పెద్దమ్మా! మేం ల్యాబులో ఉండాం. అంతా వీడే చేసినాడు."

"చెద చెద అని దినామూ ఏడ్చింది మీరు గదరా?" అన్నాడు సిలార్.

"ఏడిస్తే? చేప తెచ్చి పూయమన్నామా? నీ బుద్ధి రేవు దాటి రాలేదు."

"నేను ముందే చెప్పినా, తురకోణ్ణి పెట్టుకోవద్దని," అన్నాడు మస్తానయ్య.

సిలార్ నవ్వాడు. "మీయమ్మ మా దర్గాలో మొక్కుకుంటే పుట్టినావు. మస్తాన్ అని పేరు కావాల్సి వచ్చింది, మనిషి వద్దా?"

మస్తానయ్య చెయ్యెత్తాడు. రమణయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు, ఇంటావిడ చూస్తోందని.

"వాసన తీసి నాకు చూపించు. తీయలేకపోతే నువ్వొక్కడివి పో" అంది వెంకటశేషమ్మ.

మర్నాడు కాలేజీ మాని, చిత్రిక అరువు తెచ్చి తలుపు గీశాడు. పొర తీసినకొద్దీ లోపలి నుంచి నూనె వాసనే. అంతకన్నా గీస్తే చెక్క పలచబడి తలుపు పాడవుతుంది. అక్కడ ఆపాడు. అతను గీస్తుండగానే మిగతా ఇద్దరూ అతని పెట్టె, చాప తెచ్చి వీధి మెట్ల మీద, జల్లు పడే చోట పెట్టిపోయారు. సిలార్ తలుపు బిగించి, మూసి తెరిచి చూసి, పెట్టె ఎత్తుకున్నాడు.

తండ్రి కలప కొనే అబ్దుల్ రజాక్ డిపోకి నడిచాడు. రజాక్ తల ఎత్తకుండానే విన్నాడు.

"దుంగల పక్కన పండుకో. తెల్లారగానే రంపం ఆడతాది. నీ చదువు కోసరం మిల్లు ఆపను."

"ఆపబాకండి. చోటుంటే చాలు."

మర్నాడు తలలో రంపపు పొట్టుతోనే క్లాసుకు వెళ్లాడు. అతను కూర్చునే చోట రమణయ్య తన సంచి పెట్టాడు. సిలార్ దాన్ని తీసి నేల మీద పెట్టాడు.

"ఇది వెంకటశేషమ్మ ఇల్లు గాదు. జరుగు."

రమణయ్య జరగలేదు. సిలార్ మిగిలిన అంచు మీదే కూర్చుని, అర్థంకాని ఇంగ్లీషు పాఠాన్ని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏడు పరీక్షలయ్యేదాకా వాళ్ల మధ్య ఇంకో మాట లేదు.