స్తమెంక మెత్తగా మాట్లాడిన రోజు

గొంతు తగ్గించమన్నారు స్తమెంకను! చదువు ముగించుకుని నిన్నగాక మొన్న బెల్‌గ్రేడ్ నుంచి దిగిన ఇసిదోర అనే పిల్ల, ఆసుపత్రి హాల్లో షుగరు రోగులతో మాట్లాడే తీరు నేర్పుతూ నర్సులందరి ముందూ ఆ మాట అనేసింది.

"స్తమెంక గారూ, మీరు రోగుల్ని బెదిరిస్తున్నారు. మనం ఆజ్ఞలు వెయ్యకూడదు, అడగాలి. ఏం తినాలో, ఎందుకు నడవాలో వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పేలా చెయ్యాలి."

"నోరు ఖాళీగా ఉంటే కదమ్మా చెప్పడానికి! నిండా పంది కొవ్వేగా."

నర్సులు పకపకా నవ్వారు. ఇసిదోర నవ్వలేదు. విరామంలో కాఫీతో పాటు పైన చక్కెర పొడి చల్లిన బిస్కట్లు పంచారు. తీపి మాన్పించే చదువుకు తీపి పెట్టి పిలిచిన తెలివికి స్తమెంకకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం అవతలికి నెట్టేసింది.

ఆమె ఇంటింటికీ తిరిగే నర్సు. మొరావ నది పొంగిన ఏడాది ట్రాక్టరెక్కి బాలింతల దగ్గరికి వెళ్ళింది. మోకాలి లోతు మంచులో నడిచి సూదులు వేసింది. ఆమె నోటికి జడిసి ఆ చుట్టుపక్కల మగవాళ్ళు సారా సీసాలు గడ్డివాములో దాచేవారు. ఆ నోరు ఆమెకు ఊరికే రాలేదు. తల్లి షుగరుతో కళ్ళు పోగొట్టుకుంది. ఆవిణ్ణి చూసిన డాక్టరు ఎంత మర్యాదస్తుడో! గుమ్మంలోనే టోపీ తీసి, బూట్లు తుడుచుకుని, "తీపి కొంచెం తగ్గిస్తే బాగుంటుందేమోనండీ" అని గొణిగి వెళ్ళిపోయేవాడు. ఆ 'ఏమో'లో తల్లి కళ్ళు పోయాయి, తర్వాత ప్రాణమూ పోయింది. నర్సు చదువులో చేరిన రోజే స్తమెంక తన నోట్లోంచి 'ఏమో'ను తీసి అవతల పారేసింది.

ఇప్పుడు మళ్ళీ దాన్నే నోట్లో పెట్టుకోమంటున్నారు. పెట్టుకోనివాళ్ళు ఇళ్ళకు తిరగనక్కర్లేదనీ, బల్ల దగ్గర కూర్చుని బీపీ చూసుకోవచ్చనీ పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఇళ్ళకు తిరగకపోతే వుకొమాన్ పాదం గతేమిటి? బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన వుకొమాన్‌కు షుగరు వల్ల అప్పటికే ఒక కాలి వేలు పోయింది. చలికాలంలోపు షుగరు దిగకపోతే పాదం తీసేస్తామని సర్జను చెప్పేశాడు. ఆ మనిషికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

పళ్ళు బిగబట్టుకుని స్తమెంక ఆ ఇంటికి వెళ్ళింది.

"వుకొమాన్ గారూ, మీ ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడుకుందామా? మీకు ఇష్టమైతేనే."

రొట్టె ముక్క వుకొమాన్ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్న భార్య క్రునియ గిరుక్కున తిరిగి చూసింది.

"మాట్లాడు" అన్నాడాయన, బొంగురుగా.

"రోజూ కాస్త నడవడం గురించి మీరేమనుకుంటున్నారు?"

"నువ్వెలా అంటే అలాగే సిస్టరమ్మా."

"అలా కాదండీ, మీకేమనిపిస్తే అది."

"నాకు అనిపించేదేముందిలే ఇంక."

ఎదురు మాట లేదు, తిట్టు లేదు. దిక్కుమాలిన చదువే అయినా పని చేసిందే అనుకుంటూ స్తమెంక బయటపడింది.

మరుసటి వారం వెళ్ళేసరికి వీధిలోకే మాంసం వేగిన వాసన వస్తోంది. వుకొమాన్ చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని, ముందు ప్లమ్ సారా పెట్టుకుని, కొవ్వులో వేయించిన పంది తోలు కరకరా నములుతున్నాడు. క్రునియ ఓ మూల కూలబడి ముక్కు చీదుతోంది.

"ఏంటిది?" అంది స్తమెంక.

"తిననీ వదినా, ఉన్నన్నాళ్ళూ తిననీ" అంది క్రునియ. "ప్లమ్ తోట పెద్దోడికి, ట్రాక్టరు చిన్నోడికి అని పంచేశాడు కూడా."

"ఎవరు పోతున్నారని?"

"మా దగ్గర దాచకు సిస్టరమ్మా" అన్నాడు వుకొమాన్. "ఇన్నేళ్ళూ గాడిదా అన్నావు, దున్నపోతా అన్నావు. ఒక్కసారిగా గారు అన్నావు. మా నాన్నతో డాక్టరు అలా మెత్తగా మాట్లాడింది ఆఖరి నెల్లోనే. రాచపుండు పేగుల్లో పుట్టిందా, ఊపిరితిత్తుల్లోనా? అదొక్కటి చెప్పు చాలు."

స్తమెంకకు ఒళ్ళు భగ్గుమంది. ఆ బెల్‌గ్రేడ్ పిల్ల మీద మండింది, పెద్ద డాక్టరు మీద మండింది, వారమంతా ఆ పాదాన్ని కొవ్వులో నానబెట్టిన ఈ మొండి ఘటం మీద మండింది. అందరికంటే ఎక్కువగా, అమ్మను చంపిన గొంతుతో ఈ ఇంట్లో మాట్లాడిన తన మీద మండింది. సీసా లాక్కుని కిటికీలోంచి ఒంపేసింది.

"నీకు చావూ రాలేదు, బుద్ధీ రాలేదు! పేగులు గట్టివే, ఊపిరితిత్తులు గట్టివే, కుళ్ళింది ఒక్క బుర్రే! పోయేది నువ్వు కాదయ్యా, నీ కాలు! అది పోయాక కూడా బతుకుతావు, ఈ కుర్చీలో, క్రునియ ఎత్తి దించుతుంటే! అక్కర్లేదా కాలు? అక్కర్లేకపోతే చెప్పు, ఇప్పుడే బండి పిలుస్తా. అసలెందుకు నీకు కాలు? దేనికి?"

ఊపిరి అందక ఆగింది. వుకొమాన్ తన పాదంకేసి చూసుకున్నాడు.

"మిత్రొవ్‌దాన్‌కి" అన్నాడు. తరతరాలుగా ఆ ఇంటిని కాచే పునీతుడి పండుగ అది. "ఆ రోజు ఇంటి యజమాని కూర్చోడు. ఆఖరి చుట్టం తిని లేచేదాకా నిలబడే వడ్డించాలి. మా నాన్న ఒళ్ళు కాలిపోతున్నా నిలబడ్డాడు. నేను చక్రాల కుర్చీలో కూర్చుని వడ్డించాలా? సిగ్గు సిస్టరమ్మా."

"మరి ఈ ముక్క ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడైనా నోరు మూస్తేగా!"

ఆ మాట స్తమెంకకు సూదిలా దిగింది. మర్నాడు ఆసుపత్రి హాల్లో, ఆ ఇంట్లో జరిగిందంతా ఇసిదోర ముఖం మీదే చెప్పింది.

"నేను పరాయిదానిలా మాట్లాడమనలేదు కదండీ" అంది ఇసిదోర. "దేనికని అడిగాక మీరేం చేశారు?"

"ఊపిరి పీల్చుకున్నాను."

"అంటే నోరు మూసుకున్నారు. నేను నేర్పబోయింది అదే."

"అయితే మొదటి రోజే ఆ ఒక్క ముక్క చెప్పి ఏడవొచ్చుగా! నీ గొంతుతో పలికితే మర్యాద, నా గొంతుతో పలికితే చావు కబురు. ఏ ఇంట్లో ఏ గొంతుకు ఏ అర్థమో తెలుసుకోకుండా పాఠం చెప్పడానికి తయారయ్యావు."

ఇసిదోర ముఖం జేగురు రంగుకు తిరిగింది. "అయితే నన్ను మీ వెంట తీసుకెళ్ళండి" అంది.

"ముందు ఆ ఎత్తు మడమల జోడు మార్చుకో. మా బురదలో విరుగుతాయి."

వుకొమాన్ మిల్లు దారిన రోజూ నడిచాడు. స్తమెంకను తిట్టుకుంటూనే నడిచాడు. సారా మానాడు, కొవ్వు మానాడు, నల్ల రొట్టెను ఇటుక ముక్క అంటూనే నమిలాడు. ఆకులు రాలేసరికి షుగరు దిగింది. ప్రస్తుతానికి పాదం జోలికి పోనక్కర్లేదన్నాడు సర్జను.

పండుగ నాడు ఇల్లు చుట్టాలతో కిక్కిరిసిపోయింది. వుకొమాన్ ఉదయం నుంచీ రెండు కాళ్ళ మీదే ఉన్నాడు. స్తమెంక గుమ్మంలో అడుగు పెడుతూనే ఆయన కాళ్ళకేసి చూసింది. ఆసుపత్రివాళ్ళిచ్చిన వెడల్పాటి జోడు లేదు. ఇరుకైన తోలు బూట్లు నల్లగా మెరుస్తున్నాయి.

"ఎవరివవి?"

"మా నాన్నవి. పండగ కదా అని..."

"విప్పు."

"ఇవాళ నేను కూర్చోను సిస్టరమ్మా. చంపినా కూర్చోను."

"కూర్చోమని ఎవరన్నారు? నిలబడే విప్పు!"

వుకొమాన్ ఒక చేత్తో క్రునియ భుజం పట్టుకుని కాలెత్తాడు. స్తమెంక నేల మీద చతికిలబడి బూటు లాగేసింది. మడమ కందిపోయి ఉంది, చర్మం మాత్రం చిట్లలేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఇన్నాళ్ళ నడకా బూడిదయ్యేదని, బంధువులందరూ వినేలా ఆయన్ను దులిపేసింది. వెడల్పాటి జోడు తెప్పించి, తొడిగి, పట్టీ బిగించింది. వుకొమాన్ మాంసం పళ్ళెం అందుకుని పక్క బల్ల దగ్గరికి నడిచాడు.